ఆర్కిడ్లకు తొట్టి యెంత యుండవలెను?

బాలానగరు చుట్టుపట్ల చేలు కర్మాగారములకును ఇండ్లకును పోయినను, పూలసాగుపై మక్కువ మాత్రము పోలేదు. మిద్దెలమీదను, ఊరి వెలుపల మిగిలిన కొద్ది నేలలలో నీడవలల క్రిందను ఆర్కిడ్లను పెంచ యత్నించు సభ్యులు కలరు. పిల్లమొక్క పూతకు వచ్చుటకు రెండు మూడేండ్లు పట్టును గావున, అప్పు గొని మొక్కలు తెచ్చినవారికి నడుమ అవి చచ్చుట చిన్న నష్టము గాదు. ఆకులు వాడగనే నీరు చాలలేదని యెంచి మరింత పోయుదురు. తరచుగా దోషము నీటి కొరతలో లేదు. తొట్టి పెద్దదగుటలో నున్నది. మామిడియంటుకు పెద్ద గోయి త్రవ్వు అలవాటు గలవారము గనుక, చోటెంత యిచ్చిన నంత మేలని తలంతుము.

మన యడవులలో చెట్ల కొమ్మల నంటి పెరుగు వాండా మొక్కను చూచినవారికి సంగతి తెలియును. రాక్సుబర్గు దొర కోరమండలు తీరపు మొక్కలను గూర్చి 1795లో వెలువరించిన సంపుటమున దీనిని బొమ్మతో వర్ణించెను. పల్లెలలో దీనిని బదనికలలో చేర్చుదురు గాని, ఇది చెట్టు రసమును పీల్చునది కాదు. కొమ్మను ఆసరాగా మాత్రమే గొనును. దాని వేళ్లపై తెల్లని స్పంజివంటి పొర కలదు. వాన పడినపుడు ఆ పొర నీటిని త్రాగును, పిదప గాలికి ఆరును. ఆరని వేరు కుళ్లును. కుళ్లిన వేరు నీటిని త్రాగజాలదు. అందుచేతనే తొట్టి నిండ తడి యున్నను ఆకులు ముడుతలు పడును.

నాలుగంగుళముల తొట్టికి బదులు అదే ఆకారముగల ఆరంగుళముల దానిని దెచ్చినచో, రెండంగుళములే గదా యని తోచును. కాని లోపల పట్టు బెరడు మూడింతలకు పైబడును. వేళ్లు మాత్రము మునుపటి యంతయే. అవి చేరని చోట తడి యట్లే నిలుచును. తొట్టి నడిమి భాగము అన్నిటికంటె ఆలస్యముగా నారును గాన, పైన చేయి పెట్టి చూచి నమ్మరాదు. సన్నని వెదురుపుల్లను నడుమ గ్రుచ్చి, కొంత సేపటికి తీసి చూడవలెను.

కావున తొట్టిని ఆకులను బట్టి గాక వేళ్లను బట్టి యెన్నుకొనవలెను. కుళ్లిన వేళ్లను కోసివేయగా మిగిలిన గుత్తి యిమిడి, చుట్టును అంగుళము లోపు సందు మిగిలిన చాలును. వేళ్లు సగము పోయినచో మునుపటికంటె చిన్న తొట్టికే దింపవలెను. ఈ మాట పలువురకు రుచింపదు. ఎదిగిన ఫాలెనాప్సిసుకు సాధారణముగా నాలుగైదంగుళములు సరిపోవును. డెండ్రోబియము ఇరుకునే కోరును. అది యొక ప్రక్కకు పాకుచు పిలకలు వేయును గనుక, పాత కాడలను అంచునకు ఆనించి, కొత్త పిలకల వైపున రెండేండ్ల పెరుగుదలకు చోటు విడువవలెను. కాడలు పొడవై తొట్టి యొరిగినచో పెద్దదానికి మార్పక, రాళ్లు వేసిన బరువైన కుండీలో ఆ చిన్న తొట్టినే నిలుపవలెను. వాండాకు తొట్టియే వద్దు. కొయ్యబుట్టలో వ్రేలాడదీసిన చాలును.

మట్టితొట్టి ప్రక్కలనుండియు నారును. ప్లాస్టిక్కుది పైనుండియు, రంధ్రములనుండియు మాత్రమే. హైదరాబాదు ఎండలు నలువది డిగ్రీలు దాటునపుడు మట్టితొట్టికి నీరు తరచుగా వలయును. వానకాలమున ప్లాస్టిక్కు తొట్టిని ఆరుబయట వదలరాదు.

బెరడు రెండేండ్లలో చివికి మట్టివలె నగును. తొట్టి మార్పకున్నను అప్పుడు బెరడును మార్పవలెను. పూలున్నపుడు గాక, కొత్త వేళ్ల కొనలు బయలుదేరునపుడు ఈ పని చేయుట మంచిది. కొబ్బరిపీచు ముక్కలను వాడువారు వానిని రెండు మూడు మారులు నానవేసి, ఉప్పు పోవునట్లు కడిగి మరి వాడుదురు గాక.