మొదటి విద్య చూపు

రామగుండం ప్రాంతపు సింగరేణి భూగర్భ గనిలో దిగే కొత్త కార్మికుడు బొగ్గు తీయడానికి ముందే పైకప్పును పరీక్షించడం నేర్వాలి. కర్రతో తట్టినప్పుడు గుల్లగా మోగితే దాని కింద అడుగు పెట్టరాదు.

యుద్ధపు వీడియో ఆటకు కొత్తగా కూర్చున్న విద్యార్థికీ ఇదే పాఠం. 1274లో జపాను ద్వీపమైన సుషిమాపై మంగోలులు సాగించిన దండయాత్ర ఇతివృత్తంగా, 2020లో ‘ఘోస్ట్ ఆఫ్ సుషిమా’ వెలువడింది. శత్రువు ఆయుధం నీలంగా మెరిస్తే, అదను చూచి ఆ దెబ్బను కత్తితో తిప్పికొట్టవచ్చును. ఎర్రగా మెరిస్తే పక్కకు తప్పుకోవలసినదే. కత్తివానికి ఒక భంగిమ, డాలువానికి ఒకటి, బల్లెమువానికి మరొకటి. ఈ భేదమెరుగక కత్తి ఝళిపించినవాడు క్షణంలో కూలుతాడు.

ఆటలో కూలినవాడు మరల లేస్తాడు. గనిలో ఆ వెసులుబాటు లేదు. అందుకే అక్కడ కర్ర ముందు, కాలు వెనుక.