వృద్ధ సైనికునికి ఇంటివద్ద సంరక్షణ

సరిహద్దులో తుపాకి పట్టిన చేయి వార్ధక్యంలో అన్నపు ముద్దనైనా నోటికి అందించుకొనలేని స్థితి రావచ్చును. అట్టి సమయంలో ఆ వృద్ధునికి ముఖ్యంగా కావలసినది ప్రక్కన నిలిచే ఒక మనిషి. ఆ పరిచర్యకు ఆసరాగా ప్రభుత్వం కొన్ని సౌకర్యాలు కల్పించి యున్నది. కాని ఏది తమకు వర్తించునో, ఎవరిని అడుగవలెనో తెలియక అనేక కుటుంబాలు నష్టపోవుచున్నవి. కనుక వాటిని ఇచ్చట క్లుప్తంగా వివరించుట ఉచితమని భావిస్తున్నాను.

మొదటిది నిరంతర పరిచారక భత్యం. కార్యాలయాలలో దీనిని కాన్‌స్టెంట్ అటెండెన్స్ అలవెన్స్ అంటారు. సైనిక సేవ వలన కలిగిన, లేదా ఆ సేవ వలన తీవ్రమైన వైకల్యం నూరు శాతమని నిర్ణయింపబడి, ఆ వైకల్యం కారణంగానే ఎల్లవేళలా ఒక సహాయకుడు అవసరమని వైద్యమండలి సిఫారసు చేసినచో, ఇది వైకల్య పింఛనుతోబాటు లభిస్తుంది. 2017 జూలై 1 నుండి దీనిని నెలకు 6,750 రూపాయలుగా నిర్ణయించారు. కరవు భత్యం 50 శాతం పెరిగినపుడెల్లా ఇది 25 శాతం పెరుగవలెనని నియమం. పింఛనుదారుడు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉన్న కాలానికి ఇది చెల్లదు; అచ్చట పరిచర్య ప్రభుత్వమే చేయును గదా.

ఇచ్చటనే చాలమంది పొరబడుతారు. పదవీ విరమణానంతరం కేవలం వయోభారం వలన మంచాన పడిన వారికి ఈ భత్యం రాదు. అట్టివారికి వేరొక ఆసరా ఉన్నది. ఎనభై ఏండ్లు నిండిన పింఛనుదారునికి మూల పింఛనుపై 20 శాతం అదనంగా లభిస్తుంది. 85 ఏండ్లకు 30, తొంబదికి 40, 95కు 50, నూరేండ్లకు 100 శాతం చొప్పున అది పెరుగుతుంది. మూల పింఛను 20,000 రూపాయలైనచో ఎనభై ఏండ్లకు నెలకు 4,000 అదనం. ఒక సహాయకుని జీతంలో అది కొంత భాగమైనా అవుతుంది. కుటుంబ పింఛను పొందు వితంతువుకూ ఇదే నియమం. కాని పింఛను ఉత్తర్వులో ఆమె పుట్టిన తేదీ లేకపోయినా, తప్పుగా ఉన్నా, ఆ హక్కు ఆగిపోగలదు. దానిని ముందుగానే సరిచేయించుకొనవలెను.

పింఛనే లేని మాజీ సైనికుల సంగతి ఏమి? హవల్దారు హోదా వరకు పనిచేసి, 65 ఏండ్లు నిండి, జీవనాధారం లేనివారికీ, వారి వితంతువులకూ కేంద్రీయ సైనిక బోర్డు ద్వారా పేదరిక సహాయం అందుతుంది. నెలకు 4,000గా ఉన్న ఈ సహాయాన్ని 2025 నవంబరు నుండి 8,000 రూపాయలు చేశారు.

ఇక వైద్యానికి 2003 ఏప్రిల్ 1న ప్రారంభమైన ఈ.సి.హెచ్.ఎస్. పథకం కలదు. సభ్యులైన పింఛనుదారులకూ, వారి ఆశ్రితులకూ దాని పాలీక్లినిక్కులలో వైద్యము, మందులు లభిస్తాయి. అవసరమైనచో పెద్ద ఆసుపత్రికి పంపుతారు. ఇది వైద్య పథకమే గాని, ఇంటి పరిచారకుని జీతం దీని నుండి ఆశింపరాదు.

వీటిలో ఏది కోరినను మొదట తట్టవలసిన తలుపు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం. డిశ్చార్జి పుస్తకం, పింఛను ఉత్తర్వు, వైద్యమండలి నివేదిక, ఆధార్, బ్యాంకు పుస్తకం వెంట తీసికొని పోవలెను. అర్జీకి నకలు ఉంచుకొని, రసీదు అడుగుట మరువరాదు. ఏటేటా జీవన ప్రమాణపత్రం సమర్పింపనిచో వచ్చుచున్న పింఛను సైతం నిలిచిపోగలదు.

పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరం వలె ఇంటింటా సైనికులున్న గ్రామాలలో ఈ సంగతులు ఒకరి నుండి ఒకరికి తెలియవచ్చును. ఊరికొక్కడే మాజీ సైనికుడున్న చోట చెప్పువారెవరు? ఆ ఉత్తర్వులు తరచు ఆంగ్లంలో ఉంటాయి. ఆ ఇంటివారు చదువగలిగినది తెలుగో, ఉర్దూయో. ఈ రెండు భాషలనూ, వాటితోబాటు ఆంగ్లాన్నీ నేర్చుకొనుచున్న మన విద్యార్థులు సెలవులలో తమ వీధిలోని ఒక వృద్ధ సైనికుని ఇంటికి వెళ్ళి, ఆ కాగితాలు చదివి వినిపించి, పుట్టిన తేదీలు సరిచూచినచో, ఆ గంటసేపటి శ్రమ ఆయన శేషజీవితానికి ఆసరా కాగలదు.