కొరడాకు లెక్క

ఒకప్పుడు మన పట్టణములలో రైలుస్టేషను ముంగిట జట్కాబండ్లు బారులుతీరి నిలిచియుండెడివి. రైలు దిగిన ప్రయాణికులు మూటాముల్లెలతో వచ్చి చుట్టుముట్టగానే బేరము మొదలయ్యెడిది. ముందు ఇద్దఱు, వెనుక నలుగురు, కాళ్ళసందున పెట్టెలు, ఒడిలో పిల్లలు. చోటు లేదను మాట బండివాని నోట వచ్చెడిది కాదు. గుఱ్ఱము కదలనిచో కొరడా చెళ్ళుమనెడిది. దారిన పోవు పెద్దమనుష్యు డొకడు నిలిచి, "ఏమోయి, అంతమంది నెక్కించి అంతగా కొట్టుచున్నావు?" అని మందలించినచో, బండివాడు నవ్వి, "ఎక్కువేముంది బాబుగారూ, రోజూ ఎక్కేవాళ్ళే గదా! కొట్టానా? అదిలించాను, అంతే" అనెడివాడు.

ఆ వాదమునకు అంతము లేదు. ఎక్కువ యనగా ఎంత? కొట్టుట ఎక్కడ మొదలగును, అదలించుట ఎక్కడ ముగియును? బండివాని కొక కొలత, బాటసారి కొక కొలత. నడుమ నిలిచిన గుఱ్ఱమునకు మాటలు లేవు. జంతుహింసను మాన్పుటకు పుట్టిన చట్టముల కథయంతయు చాలవఱకు ఈ చిన్న చిక్కు చుట్టునే తిరుగుచున్నది. గుఱ్ఱపు పందెముల విషయమున అది మఱింత స్పష్టముగా కానవచ్చును.

ఆధునిక కాలమున ఈ దారిలో పేరెన్నికగన్న అడుగు ఇంగ్లండులో పడినది. ఐర్లండులోని గాల్వే ప్రాంతమునుండి బ్రిటిషు పార్లమెంటునకు ఎన్నికైన రిచర్డు మార్టిను 1822లో ఒక చట్టమును చేయించెను. గుఱ్ఱము, గాడిద, ఎద్దు, ఆవు, గొఱ్ఱె మొదలగు వానిని క్రూరముగా కొట్టినను, హింసించినను పది షిల్లింగులకు తగ్గక, ఐదు పౌన్లకు మించక జరిమానా. అది చెల్లింపనివానికి చెఱసాల. అంతకుముందు జంతువు యజమానుని సొత్తు మాత్రమే. తన కుర్చీని తాను విఱుగగొట్టుకొనినచో అడుగువాడు లేనట్లే, తన గుఱ్ఱమును తాను కొట్టుకొనినను అడుగువాడు లేడు. గాడిదను కొట్టిన ఒక బండివానిపై విచారణ జరుగుచుండగా మార్టిను ఆ గాడిదనే న్యాయస్థానములోనికి తోలించి, దాని గాయములను చూపించెనని యొక కథ కలదు. ఆ దృశ్యమును చిత్రకారులు పటముగా గూడ వ్రాసిరి. 1824లో లండనునగరమున జంతుహింసా నివారణ సంఘ మేర్పడెను. 1840లో విక్టోరియారాణి దానికి 'రాయల్' అను గౌరవమును ప్రసాదించెను.

చట్టము గొప్పదే. కాని అందు 'క్రూరముగా' అను మాట యున్నది. ఎన్ని దెబ్బలు క్రూరమో లేదు. అది న్యాయాధికారి మనసునుబట్టి తేలవలసినదే.

దెబ్బకంటె బాధించు పనులును గలవు. ఆ కాలపు ఇంగ్లండులో ధనవంతులు తమ బండిగుఱ్ఱములు మెడలు నిక్కించి ఠీవిగా నడువవలెనని, కళ్ళెమునుండి వీపుమీది సరంజామాకు ఒక పొట్టి తోలుపట్టీని బిగించెడివారు. మెట్టదారిలో బండి నీడ్చు జంతువు తలను వంచి, బరువంతయు ముందునకు మోపవలెను గదా! ఆ పట్టీ తలను వంగనీయదు. మెడ నొచ్చును, ఊపిరి కష్టమగును. అన్నా సెవెలు అను రచయిత్రికి పదునాలుగవ యేట కాలు దెబ్బతినుటచే జీవితమంతయు గుఱ్ఱపుబండిపైననే తిరుగవలసివచ్చెను. గుఱ్ఱముల అవస్థను ఆమె దగ్గఱనుండి చూచినది. 1877లో ఒక గుఱ్ఱమే తన కథను చెప్పుకొనునట్లుగా 'బ్లాక్ బ్యూటీ' అను పుస్తకమును ప్రకటించి, మఱుసటి యేటనే కన్నుమూసెను. ఆ పుస్తకము చదివినవారిలో పలువురు ఈ పట్టీని ఏవగించుకొనిరి. కొరడా నెత్తకయే హింసింపవచ్చునని అది లోకమునకు తెలిపినది.

మన దేశమున 1890లో ఆంగ్లప్రభుత్వ మొక చట్టము చేసెను. స్వాతంత్ర్యానంతరము నృత్యకళాకోవిదయు, రాజ్యసభ సభ్యురాలునైన రుక్మిణీదేవి అరండేలు ఇంతకంటె బలమైన చట్టము కావలెనని సభలో బిల్లును ప్రతిపాదించెను. ప్రభుత్వమే అట్టి చట్టమును తెచ్చునని ప్రధాని నెహ్రూ మాట యిచ్చెను. ఆ విధముగా 1960లో జంతుహింసా నివారణ చట్టము వచ్చెను. 1962లో ఏర్పడిన జంతుసంక్షేమ మండలికి రుక్మిణీదేవియే తొలి అధ్యక్షురాలు. ఈ చట్టము ప్రకారము తొలి తప్పునకు జరిమానా పది రూపాయలు మొదలు ఏబది రూపాయల వఱకు మాత్రమే. అర్ధశతాబ్దము గడచినను ఆ పై హద్దు మాఱలేదు. ఒకనాడు అది కూలివానికి బరువైన మొత్తమే. తరువాతి కాలమున అది ఒక పూట ఫలాహారమునకైనను చాలదు!

అయినను ఆ చట్టము క్రింద 1965లో వెలువడిన నియమములు మన జట్కావాని ప్రశ్నకు సూటిగా బదులు చెప్పినవి. బండి తోలువానిని, ఆఱేండ్లలోపు పిల్లలను విడిచి, నలుగురికంటె ఎక్కువమంది ఎక్కరాదు. దినమునకు తొమ్మిది గంటలకు మించి జంతువుచే పని చేయింపరాదు. విశ్రాంతి లేక వరుసగా ఐదు గంటలు దాటరాదు. వేడిమి 37 డిగ్రీల సెంటిగ్రేడు మించు చోట మధ్యాహ్నము 12 గంటలు మొదలు 3 గంటల వఱకు బండి కట్టరాదు, బరువు మోపరాదు. ముండ్లుగల కళ్ళెములు, ముల్లుగఱ్ఱలు పనికిరావు. పొట్టిగుఱ్ఱము 70 కిలోలు, కంచరగాడిద 200 కిలోలు, గాడిద 50 కిలోలు మోయవచ్చును, అంతే. రెంటచింతల ఎండ నెఱిగినవాడు, మే నెలలో మూడు గంటలకే చల్లబడునని నియమము వ్రాసినవారు ఎట్లు తలచిరో యని ఆశ్చర్యపడవచ్చును. ఐనను ఇచట 'ఎక్కువ' యను మాట పోయి అంకె వచ్చినది. నలుగురా, ఐదుగురా యని ఎంచుటకు దయ యక్కఱలేదు, కన్నులు చాలును.

ఇక పందెముల సంగతి చూతము. మన హైదరాబాదులో మౌలాలి దగ్గఱ జరుగుచుండిన గుఱ్ఱపు పందెములను ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను 1886లో మలకుపేటకు మార్పించెను. ఎచ్చటి పందెమైనను అంకెల మయమే. రౌతును పందెమునకు ముందు కాటాపై తూచుదురు. గెలుపొందినవానిని దిగివచ్చిన వెంటనే మరల తూచుదురు. రౌతు తేలికయైనచో జీనుక్రింద సీసపు బిళ్ళలను చేర్చుదురు. సెకండులో భాగమును గూడ కొలుతురు. ఇంత తూకము, ఇంత గణన గుఱ్ఱముమీది జాలితో వచ్చినవి కావు. సొమ్ము ఒడ్డినవారికి అన్యాయము జరుగరాదని వచ్చినవి. అన్నిటిని లెక్కించిన ఆ మైదానములో బహుకాలము లెక్కింపబడనిది కొరడా దెబ్బ యొక్కటే.

బ్రిటనులో 2011లో ఆ లెక్కయు వచ్చెను. చదునునేలపై పరుగెత్తు పందెములో రౌతు ఏడుసార్లకు మించి, కంచెలు దూకు పందెములో ఎనిమిదిసార్లకు మించి కొరడాను వాడరాదు. చివరి భాగములో ఇన్ని మాత్రమే యను ఉపనియమమును గూడ పెట్టిరి. రౌతులు మండిపడిరి. "గుఱ్ఱమును నడుపుదుమా? దెబ్బలనే ఎంచుకొందుమా?" అనునది వారి మొఱ. కొలది వారములలోనే ఆ ఉపనియమమును తొలగింపవలసివచ్చెను. మొత్తము సంఖ్య మాత్రము నిలిచెను. 2023లో దానిని ఆఱుకును, ఏడుకును తగ్గించిరి. చేయి భుజముకంటె పైకెత్తి కొట్టరాదు. ఒక దెబ్బకు గుఱ్ఱము బదులు పలుకుటకు వ్యవధి యీయక మఱియొకటి వేయరాదు. డొక్కలలో కొట్టరాదు. కొరడాకు మెత్తని పొదుగు ఉండవలెను.

అన్నిటికంటె పదునైన నియమము వేఱొకటి కలదు. లెక్కకు నాలుగు దెబ్బలు మించినచో ఆ గుఱ్ఱము గెలిచినను గెలుపు చెల్లదు. ఇందలి కిటుకును గమనింపుడు. శిక్ష రౌతునకు మాత్రమే పడినంతకాలము, గొప్ప పందెములో వాడు కొట్టి గెలిచి, కొన్నాళ్ళు ఇంట కూర్చుండుటకు సిద్ధపడును. బహుమానము యజమానునికి దక్కును. గెలుపే పోవునన్నచో యజమానుడే రౌతు చేతిని పట్టుకొనును. 1822 నాటి చట్టమున కీ యుపాయము తోచలేదు.

గుఱ్ఱమునకు తోలు మందము, దానికి నొప్పి యేమి తెలియునని కొందఱందురు. సిడ్నీ విశ్వవిద్యాలయ పరిశోధకులు గుఱ్ఱపు పిఱుదుల చర్మమును, మానవ చర్మమును సూక్ష్మదర్శినితో పోల్చి 2020లో ఫలితములను ప్రకటించిరి. పైపొర మందములోగాని, అందలి నాడుల కొనల సాంద్రతలోగాని ఎన్నదగిన భేదము కానరాలేదు. మొత్తముమీద గుఱ్ఱపు చర్మము మనకంటె దళసరియే; కాని ఆ దళసరి పొర నొప్పి నెఱుగు నాడులకు అడుగున నున్నది. కావున అది దెబ్బ కడ్డుపడదు. మఱి నొచ్చినపుడు అఱవదేమి? గడ్డి మేసి బ్రతుకు జంతువు, పులి తోడేళ్ళ కంటబడకుండ తప్పించుకొనవలసినది, తన బాధను దాచుకొనుటయే దాని స్వభావము. కుంటుచున్నట్లు కనబడిన జంతువునే క్రూరమృగము ఎంచుకొనును.

కొట్టుటవలన వేగమైనను పెరుగునా? ఆస్ట్రేలియాలో 2011లో ప్రకటింపబడిన పరిశీలన ఒకటి పందెపు తుది భాగమును రెండేసి వందల మీటర్లుగా విభజించి చూచినది. గుఱ్ఱములు అత్యధిక వేగముతో పరుగెత్తినది చివరి 400 మీటర్లకు ముందు. అప్పటికి కొరడా పడనేలేదు. దెబ్బలు జోరుగా పడిన చోట అవి అలసి వేగము తగ్గుచున్నవి. కొరడా వేగమును పెంచినదనుటకు ఆధారము దొరకలేదు. గుఱ్ఱమును దారి తప్పనీయకుండుటకు కొరడా కావలెనని రౌతు లిప్పటికిని వాదింతురు. ఆ వాదమును పూర్తిగా త్రోసివేయుటకు వీలులేదు. ఐదువందల కిలోల జంతువు గంటకు అఱువది కిలోమీటర్ల వేగమున ప్రక్కకు ఒఱిగినచో ఏమగునో వారికే తెలియును. నార్వే దేశము 1982లోనే కొరడాను ఆపదలో తప్ప వాడరాదని శాసించెను. 2009 మొదలు అచట చదునుపందెములలో చాలవఱకు రౌతులు కొరడాను చేతబట్టకయే స్వారి చేయుచున్నారు.

నేను చూడగా కొరడాకంటె భయంకరమైనది పాటు. గుఱ్ఱము సన్నని కాళ్ళపై అంత బరువును మోయును. కాలు విఱిగినచో మూడు కాళ్ళపై నిలిచి, నెలల తరబడి నయమగువఱకు వేచియుండుట దానికి సాధారణముగా సాధ్యము కాదు. అందుచే పెక్కుసారులు వైద్యుడు దాని ప్రాణమును తీయవలసివచ్చును. లివర్‌పూలు చేరువనున్న ఎయింట్రీలో ఏటేట జరుగు గ్రాండ్ నేషనలు పందెములో గుఱ్ఱములు సుమారు ఏడు కిలోమీటర్లు పరుగెత్తి, ముప్పది కంచెలు దూకవలెను. 2012లో అచట రెండు గుఱ్ఱములు చనిపోయెను. మఱుసటి యేడు కంచెలలోపలి గట్టి కొయ్యచట్రములను తీసి, వంగునట్టి పదార్థమును అమర్చిరి. పాల్గొను గుఱ్ఱముల సంఖ్యను 2024లో నలువదినుండి ముప్పదినాలుగునకు తగ్గించి, తొలి కంచెను బయలుదేరు చోటునకు దగ్గఱ చేసిరి. దూరము తగ్గినచో వడి తగ్గును. గుంపు పలుచనైనచో ఒకటి పడినపుడు దానిపై మఱియొకటి పడదు. పాత పందెపు సొగసు పోయినదని అభిమానులు కొందఱు నొచ్చుకొనిరి.

అమెరికాలో కాలిఫోర్నియాకు చెందిన శాంతా అనితా మైదానమున 2018 డిసెంబరు మొదలు 2019 జూను వఱకు ముప్పది గుఱ్ఱములు మరణించెను. ప్రజలలో పెద్ద అలజడి పుట్టెను. పరుగునకు ముందు వైద్యపరీక్షలు కఠినమయ్యెను. నొప్పిని మఱపించి పరుగెత్తించు మందులపై కట్టుబాట్లు బిగిసినవి. ఆ దేశమున 2009లో వేయి పరుగులకు రెండు గుఱ్ఱములు చొప్పున చనిపోవుచుండగా, 2023లో ఆ లెక్క 1.32కు దిగెను. తగ్గినది నిజము, ఆగలేదనుటయు నిజమే.

పందెపు మైదానములో ప్రతి అడుగును చూచు కెమెరాలు గలవు. రౌతు కొట్టిన దెబ్బలను తరువాత తాపీగా ఎంచు అధికారులు గలరు. హిమాలయములలో కేదారనాథమునకు పోవు కొండదారిలో అట్టివి లేవు. గౌరీకుండమునుండి పదునాఱు కిలోమీటర్లకు పైగా గల ఆ యెక్కుడును మన తెలుగు యాత్రికులును ఏటేట వేలకొలది గుఱ్ఱములపైని, కంచరగాడిదలపైని సాగింతురు. 2022 యాత్రలో ఆ మూగజీవములు పెక్కు మరణించినట్లు వార్తలు వచ్చినపిదప, పశువైద్య పరీక్షలను, రాకపోకలపై పరిమితిని ఏర్పఱచిరి. ఐనను తెల్లవాఱుజామున చలిలో నిలిచి, "ఈ గుఱ్ఱము నిన్నటినుండి ఎన్నిసార్లు ఎక్కి దిగినది?" అని యాత్రికుడు అడిగినచో, బదులు చెప్పువాడు దానిని తోలువాడే.