గెనుసుగడ్డ కుళ్లితే తప్పెవరిది?

హోసూరు ప్రాంతంలోని మా తెలుగు బడి పెరట్లో ఏ మందూ కొట్టకుండా గెనుసుగడ్డలు పండించాం. పోయినేడు తవ్విన రోజున పిల్లల సంబరం అంతా ఇంతా కాదు. గడ్డల్ని నీళ్లతో కడిగి, ప్లాస్టిక్ సంచుల్లో మూతి కట్టి, సామాన్ల గదిలో పెట్టాం. పది రోజులకు సంచుల కింద నీరు కారింది. విప్పి చూస్తే సగం గడ్డలు మెత్తబడిపోయాయి. పైన తెల్లని బూజు, దానిమీద నల్లని చుక్కలు.

"మందు కొట్టలేదు కదా సార్, అందుకే" అన్నాడు ఏడో తరగతి పిల్లవాడు.

కాదు. తప్పు మాదే. ఆ బూజు పేరు రైజోపస్. రొట్టె మీద పట్టేదీ ఈ జాతిదే. తొక్క బాగున్న గడ్డలోకి అది తేలిగ్గా దూరలేదు. పార గాటో, విరిగిన తోకో దానికి వాకిలి. మేం గాట్లు పడ్డవాటిని వేరు చేయలేదు. పైగా కడిగి, గాలాడకుండా కట్టి తడిని దాచిపెట్టాం.

తవ్విన గడ్డకూ ప్రాణముంటుంది, గాయం మాన్చుకుంటుంది. సుమారు 30 డిగ్రీల వేడి, 85–90 శాతం తేమ ఉన్నచోట 4 నుంచి 7 రోజులు ఉంచితే గాటు కింద బెండులాంటి పొర కడుతుంది. మందులు వాడని మనకు ఆ పొరే కాపలా.

ఈసారి గడ్డల్ని కడగలేదు. మట్టి దులిపి, గాట్లున్నవి ముందు వండుకోవడానికి తీసేశాం. మిగతావాటిని నీడలో వరిగడ్డి మీద పరిచి గోనెపట్టా కప్పాం. పక్కన నీళ్ల బకెట్ పెట్టి, కిటికీ కొంచెం తెరిచి ఉంచాం. వారం తర్వాత పొడి ఇసుకలో దాచాం. ఆరు వారాలకు చెడినవి వేళ్లమీద లెక్కపెట్టేటన్ని. గెనుసును ఫ్రిజ్‌లో పెట్టకూడదు. 12 డిగ్రీల కంటే చలి తగిలితే లోపల దెబ్బతిని, తర్వాత త్వరగా కుళ్లుతుంది.

ఒక్క మాట మాత్రం తల్లులు మరవొద్దు. పోయినేడు వంటమ్మగారు చెడిన మేర కోసేసి మిగతాది ఉడికిద్దామన్నారు. మేం వద్దన్నాం. గుండ్రని నల్లమచ్చలతో, చేదుగా ఉండే నల్లకుళ్లు పట్టిన గడ్డలో విషపదార్థాలు పుడతాయి. అవి ఉడికించినా పూర్తిగా పోవు. బూజుపట్టిన గెనుసు తిన్న పశువులు ఊపిరాడక చనిపోయిన సందర్భాలున్నాయి. కాబట్టి దాన్ని ఆవుకూ వేయకండి. అలాంటి మడి నుంచి తీగ నాటుకు తీసుకోకండి. ఆ మడిలో మూడేళ్లు వేరే పైరు వేయండి.

మా పిల్లలు ఈ పని మొత్తం తెలుగులో నోటుబుక్కులో రాసుకున్నారు. గాటు, బెండు, బూజు అనే మాటలు వాళ్లకు పాఠంలో కాదు, చేతిలో దొరికాయి. మీ ఇంట్లో అవ్వ గడ్డల్ని ఎలా దాచేదో అడిగి రమ్మని మీ బడి పిల్లలకూ చెప్పండి.