రేపటి కలప

మన ప్రాచీన గ్రంథాల విభాగాలకు ఉన్న పేర్లను పరిశీలిస్తే ఒక విశేషం కనిపిస్తుంది. రామాయణాన్ని కాండాలుగా, భాగవతాన్ని స్కంధాలుగా, భారతాన్ని పర్వాలుగా విభజించారు. కాండమంటే మొక్క కాడ. స్కంధమంటే చెట్టు బోదె. పర్వమంటే వెదురు, చెరకు వంటి వాటి కణుపు. పత్రమంటే ఆకు, పత్రిక అనే మాట దాని నుండి పుట్టినదే. తాటాకుపై గంటంతో రాసిన జాతికి చదువును చెట్టుతో ముడిపెట్టి చెప్పడం సహజమే. అయితే ఆనాడు ఆ బంధం ఎక్కువగా మాటల్లో ఉన్న బంధం. ఆకులు కోసినా చెట్టు నిలిచే ఉండేది. నేడు చదువుకే కాక నిత్యజీవితంలోని అనేక అవసరాలకు చెట్టును మొదలంటా నరకవలసి వస్తున్నది.

కాగితం చరిత్రే ఇందుకు సాక్ష్యం. క్రీ.శ. 105 ప్రాంతంలో చైనాలో చాయ్ లున్ అనే రాజోద్యోగి చెట్టు బెరడు, జనపనార, పాతగుడ్డలు, చేపల వలల నుండి కాగితం తయారుచేసినట్లు చెబుతారు. ఐరోపాలో పందొమ్మిదో శతాబ్ది వరకు పాతగుడ్డలే కాగితానికి ప్రధానమైన ముడిసరుకు. అచ్చుయంత్రాలు పెరిగేకొద్దీ గుడ్డపీలికలు చాలలేదు. 1844 ప్రాంతంలో జర్మనీకి చెందిన కెల్లర్, తడి సానరాతిపై కలపను రుద్ది పీచు తీసే పద్ధతిని రూపొందించాడు. తరువాత రసాయనాలతో కలపను ఉడికించి గుజ్జు తీసే పద్ధతులు వచ్చాయి. నాటి నుండి అడవి కర్మాగారానికి ముడిసరుకుల గిడ్డంగి అయింది.

నరికిన కలపను స్థూలంగా రెండు విధాలుగా విభజిస్తారు. పొయ్యిలోకి పోయేది వంటచెరకు. దూలాలుగా, పలకలుగా, ప్లైవుడ్‌గా, గుజ్జుగా మారేది పారిశ్రామిక కలప. గుజ్జులోని పీచు నుండే కాగితం, అట్టపెట్టె, చివరకు మనం ధరించే రేయాన్ వస్త్రం కూడా తయారవుతున్నాయి. ప్రపంచంలో ఏటా సుమారు 400 కోట్ల ఘనపు మీటర్ల కలపను నరుకుతున్నారు. అందులో దాదాపు సగం వంటచెరకు. మిగిలిన సగం పారిశ్రామిక కలప.

ఈ అవసరం రాబోయే కాలంలో ఇంకా పెరుగుతుంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2022లో ప్రకటించిన అంచనా ప్రకారం, 2020తో పోలిస్తే 2050 నాటికి కోత కలప, పలకలు, గుజ్జు వంటి ఉత్పత్తుల వినియోగం 37 శాతం పెరగవచ్చు. కంప్యూటర్లు, చరవాణులు వచ్చిన తరువాత కాగితానికి కాలం చెల్లిందని కొందరు భావిస్తారు. వార్తాపత్రికల కాగితం వాడకం తగ్గిన మాట నిజమే. కాని అంతర్జాలంలో కొన్న ప్రతి వస్తువూ అట్టపెట్టెలోనే ఇంటికి చేరుతున్నది. ప్లాస్టిక్ సంచి స్థానంలో కాగితపు సంచి వస్తున్నది. సిమెంటు, ఉక్కు తయారీలో బొగ్గుపులుసు వాయువు పెద్దమొత్తంలో వెలువడుతుంది. కలప దానిని తనలో దాచుకుంటుంది. అందువల్ల కలపతో బహుళ అంతస్తుల భవనాలు నిర్మించే ధోరణి మొదలైంది. నార్వేలో 2019లో పూర్తయిన 18 అంతస్తుల కలప భవనం ఎత్తు 85 మీటర్లకు పైగా ఉంది. గమ్మత్తేమిటంటే, పర్యావరణానికి మేలుచేయాలన్న సంకల్పమే కలపకు గిరాకీని పెంచుతున్నది.

మరి ఇంత కలప ఎక్కడి నుండి వస్తుంది? ప్రపంచంలో సుమారు 414 కోట్ల హెక్టార్ల అడవులున్నాయి. అయితే సహజారణ్యాల తలుపులు ఒక్కొక్కటిగా మూసుకుంటున్నాయి. 1998 నాటి భీకరమైన వరదల తరువాత చైనా తన సహజారణ్యాలలో నరికివేతను క్రమంగా నిలిపివేసింది. మయన్మార్ 2014లో దుంగల ఎగుమతిని నిషేధించింది. రష్యా 2022 నుండి శుద్ధి చేయని మెత్తకలప దుంగల ఎగుమతికి అడ్డుకట్ట వేసింది. ఈ పరిస్థితిలో భారం నాటిన తోటలపై పడింది. మొత్తం అటవీ విస్తీర్ణంలో ఇవి సుమారు 8 శాతమే. అయినా పారిశ్రామిక కలపలో సగానికి చేరువైన భాగాన్ని ఇవే అందిస్తున్నాయి. సహజారణ్యాల నుండి వచ్చే దిగుబడి పెరగకపోతే, 2050 నాటికి మరో 3.3 కోట్ల హెక్టార్లలో తోటలు నాటవలసి ఉంటుందని పై సంస్థ లెక్కవేసింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల విస్తీర్ణం మొత్తం కలిపినా 2.75 కోట్ల హెక్టార్లే అని గుర్తుంచుకుంటే ఈ సంఖ్య ఎంత పెద్దదో అర్థమవుతుంది.

ఇక్కడ అసలైన చిక్కు కాలానికి సంబంధించినది. వరికి గిరాకీ పెరిగితే వచ్చే కారుకే రైతు ఎక్కువ విస్తీర్ణంలో నాటగలడు. చెట్టు విషయంలో అది సాధ్యం కాదు. ఫిన్లాండులో పైన్ చెట్టు కోతకు రావడానికి అరవై ఏళ్లకు పైగా పడుతుంది; తాత నాటితే మనుమడు నరకాలి. బ్రెజిల్‌లో యూకలిప్టస్ ఆరేడేళ్లలో కోతకు వస్తుంది. ఆ దేశం గుజ్జు ఎగుమతిలో ప్రపంచంలో అగ్రస్థానానికి చేరడానికి ఇదొక ముఖ్యకారణం. మన ప్రాంతంలో సుబాబుల్, సరుగుడు మూడు నుండి ఐదేళ్లలో చేతికి వస్తాయి. గిరాకీ ఏ రోజుకారోజు మారుతుంది. సరఫరా మాత్రం కొన్నేళ్ల కిందట ఎవరో చేసిన నిర్ణయాన్ని బట్టి ఉంటుంది. ఈ రెండింటి మధ్య ఉన్న ఎడమే కలప వ్యాపారంలోని ఒడుదొడుకులకు మూలం.

తెలుగునేలపై ఈ సమస్యను దగ్గరగా చూడవచ్చు. నిజాం పాలనలో 1938లో స్థాపితమైన సిర్పూరు కాగితపు మిల్లు, గోదావరి తీరంలోని రాజమహేంద్రవరం మిల్లు మొదట అడవి వెదురుపై ఆధారపడ్డాయి. అదే వెదురు బుట్టలు, చాటలు అల్లే మేదరులకు జీవనాధారం. ఆదివాసులకు ఇంటి కప్పు, దడి. పరిశ్రమలకు అడవి కలపను చౌకగా ఇచ్చే విధానం దేశమంతటా చాలాకాలం సాగింది. 1988 నాటి జాతీయ అటవీ విధానం ఈ దారిని మళ్లించింది. పరిశ్రమలు తమకు కావలసిన ముడిసరుకును రైతులతో నేరుగా సంబంధం ఏర్పరచుకొని పెంచుకోవాలని, సహజారణ్యాల కలపను రాయితీ ధరలకు ఇవ్వరాదని ఆ విధానం నిర్దేశించింది.

దాంతో చెట్టు అడవిని విడిచి పొలంలోకి వచ్చింది. భద్రాచలం సమీపంలోని సారపాక కర్మాగారం మేలైన యూకలిప్టస్ చెట్లను ఎంపికచేసి, వాటి కొమ్మల ముక్కల నుండి ఒకే లక్షణాలు గల మొక్కలను పెంచి రైతులకు అందించింది. మన రైతులు జామాయిల్ అని పిలిచే తోటలు ఇవే. మెక్సికో ప్రాంతం నుండి వచ్చిన సుబాబుల్ కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాల మెట్టభూముల్లో పాదుకొంది. దీని వేళ్లలోని బుడిపెలు గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తాయి. ఆకు పశువులకు మేత అవుతుంది. కోస్తా ఇసుకనేలల్లో సరుగుడు విస్తరించింది. జామాయిల్, సుబాబుల్ మోళ్లు నరికిన తరువాత మళ్లీ చిగురిస్తాయి కనుక, ప్రతిసారీ నాటే ఖర్చు ఉండదు.

అయితే కథ ఇక్కడితో సుఖాంతం కాలేదు. ధర బాగున్న ఏడాది ఊరంతా ఒకే మొక్క నాటుతుంది. నాలుగేళ్లకు తోటలన్నీ ఒకేసారి కోతకు వస్తాయి. కొనే మిల్లులు కొన్నే. అమ్మే రైతులు వేలల్లో. ధర పడిపోతుంది; నరుకుడు కూలి, లారీ కిరాయి పోగా రైతుకు మిగిలేది స్వల్పం. విసిగిన రైతు మోళ్లను వేళ్లతో సహా పెకలించి మరో పంట వేస్తాడు. మరికొన్నేళ్లకు కలప దొరకదు. మిల్లులు దూరప్రాంతాల నుండి, విదేశాల నుండి తెచ్చుకోవలసి వస్తుంది. ధర మళ్లీ ఎగబాకుతుంది. దానిని చూసి ఊరు మళ్లీ నాటుతుంది. ఈ చక్రంలో నిరీక్షణ భారమంతా మోసేది చిన్న రైతు. నాలుగేళ్లు ఆదాయం లేకుండా ఆగగల శక్తి అందరికీ ఉండదు.

మరికొన్ని సంగతులు కూడా ఆలోచించదగినవి. కలప తోటకు ఏడాది పొడవునా కూలీలు అవసరం లేదు. భూమి ఉన్నవారికి ఇది సౌకర్యం. కలుపుతీత, కోతలపై బతికే కూలీలకు ఇది పని కోల్పోవడం. యూకలిప్టస్ నీటిని అధికంగా పీలుస్తుందన్న వాదం చాలాకాలంగా ఉంది. కర్ణాటక ప్రభుత్వం 2017లో దాని కొత్త నాట్లను నిషేధించింది. వరుసగా నాటిన ఒకే జాతి చెట్లలో తేనెటీగకు, పక్షికి, మూలికకు చోటు తక్కువ. తోట కలపనివ్వగలదు కాని అడవి చేసే పనులన్నీ చేయలేదు.

కొంత ఉపశమనం వేరే దారుల్లో ఉంది. వాడిన కాగితాన్ని మళ్లీ గుజ్జుగా మార్చవచ్చు. మన దేశంలోని కాగితంలో అధికభాగం ఈ విధంగానే తయారవుతున్నది. కాని మార్చిన ప్రతిసారీ పీచు పొట్టిదై బలం తగ్గుతుంది. కొన్ని ఆవృత్తుల తరువాత కొత్త పీచు కలపక తప్పదు. చెరకు పిప్పితో కాగితం తయారుచేసే పద్ధతి తమిళనాడులో 1980ల నుండి విజయవంతంగా నడుస్తున్నది. ఇవి కలప అవసరాన్ని తగ్గిస్తాయి, పూర్తిగా తొలగించలేవు.

కాబట్టి రేపటి కలప సమస్య నాటవలసిన మొక్కల సంఖ్యతో తీరేది కాదు. నాటే ముందే ధరపై స్పష్టమైన ఒప్పందం ఉండాలి. వరుసల మధ్య ఎడం పెంచి అపరాలు, పశుగ్రాసం వేసుకునే పద్ధతులు వ్యాపించాలి. అప్పుడు రైతుకు ఏటా కొంత ఆదాయం, కూలీకి కొంత పని దొరుకుతాయి. నేల స్వభావాన్ని, నీటి లభ్యతను గమనించి జాతిని ఎంచుకోవాలి. 2030లో కావలసిన కలప నేడు మొక్కగా ఉండాలి. 2050 అవసరాలను ఇప్పటి నుండే ఆలోచించాలి. పొలంలో పెరిగే చెట్టు అడవికి రక్ష. ఆ చెట్టును పొలంలో నిలిపేది గిట్టుబాటు ధర. రైతుకు ఆ హామీ దొరకనంత కాలం గొడ్డలి చూపు మళ్లీ అడవి వైపే తిరుగుతుంది.