చిలమత్తూరు మెట్టనేలలో తోట: మొక్కల ఎంపిక

మధ్యధరా ప్రాంతపు ఆలివ్, లావెండర్ చలికాలపు వానతో పెరిగి, వానలేని వేసవిని ఓర్చుకుంటాయి. చిలమత్తూరు వానల తీరు వేరు. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లే. అందులో అధికభాగం జూన్–నవంబరు మధ్య కురుస్తుంది. ఆ తడిలో నీరు నిలిస్తే లావెండర్ వేరు కుళ్ళుతుంది. కనుక గ్రహించవలసినది ఆ మొక్కలను కాదు, వాననుబట్టి మొక్కను ఎంచుకొనే పద్ధతిని. ఇక్కడి ఎర్రనేలకు సీతాఫలం, కానుగ, తంగేడు తగినవి. తంగేడును పిచ్చిమొక్కగా భావించడం తొందరపాటు. పశువులు దానిని అంతగా ముట్టవు. బెరడు తోళ్ళు పదును చేయడానికి, ఆకు పచ్చిరొట్ట ఎరువుకు పనికివస్తాయి. తొలకరిలో నాటి, పాదులో ఎండుటాకులు కప్పాలి. తొలి రెండు వేసవులు గడిచేవరకు మాత్రం అప్పుడప్పుడు తడి ఇవ్వవలసి ఉంటుంది.