బండి కట్టకముందే

రాజమండ్రి, కాకినాడ వీధుల్లో ఒకప్పుడు జట్కాబండ్లు తిరిగేవి. వాటిని తోలి కుటుంబాలను పోషించినవారిలో మనవారూ ఎందరో ఉన్నారు. బస్సు మోతకు, జనసమ్మర్దానికి గుర్రం బెదరకుండా నిలిస్తే అది చెర్నాకోల మహిమ అనుకుంటాం. కాదు; బండి కట్టకముందు నేలపై ఇచ్చిన తర్ఫీదు ఫలితమది.

గుర్రానికి సరిగ్గా తన వెనుక ఉన్నది కనిపించదు. అందుకే ఎరిగినవారు పలకరిస్తూ, భుజం వైపునుంచి దాన్ని సమీపిస్తారు. మొదట పగ్గం పట్టి నడిపిస్తూ ఆగడం, మళ్ళడం, వెనక్కి జరగడం నేర్పుతారు. తర్వాత పొడవాటి పగ్గాలతో వెనుక నడుస్తూ తోలుతారు. తోలుపట్టీల ఒరిపిడి, చక్రాల చప్పుడు అలవాటయ్యాకే బండి కడతారు. చెప్పినట్లు చేసిన వెంటనే పగ్గం వదులు చేయడమే దానికి బహుమానం.

దైవప్రవక్త (స) గుర్రప్పందాలు నిర్వహించినప్పుడు, పరుగుకు సిద్ధపరచిన గుర్రాలకు 5, 6 మైళ్ళ దూరం, సిద్ధపరచనివాటికి సుమారు 1 మైలు దూరం ఉండేదని బుఖారీ ఉల్లేఖనం ద్వారా తెలుస్తోంది. సిద్ధం కాని ప్రాణిపై శక్తికి మించిన భారం మోపలేదన్నమాట.

తొందరపడి బండి కట్టిన గుర్రం బెదిరితే దెబ్బలు దానికే పడతాయి. తప్పు మాత్రం మనిషిది. నేడు పెళ్ళి ఊరేగింపుకు గుర్రాన్ని మాట్లాడుకునేటప్పుడు, బాణసంచా మోతకు అది అలవాటుపడిందా అని మనలో ఎందరం అడుగుతున్నాం?